ఎడమపక్క కిటికీ

“ఎడమ దిక్కే కావాలె సార్,” అన్నాడు భీమ్లా.

“కుడి దిక్కు కూసోరాదు? నీ కుడిచెయ్యి కిటికీ దిక్కుంటది. ఆరాముగ తింటవ్,” అన్నాడు రవీందర్.

“తిండికోసం ఎక్కుతున్ననా సార్? కుడి దిక్కు ఏం కనవడ్తది? సత్తుపల్లి పామాయిల్ తోటలు. అవి కింద నిలవడి చూసినా గంతే.”

హైదరాబాదు నుంచి విశాఖ వెళ్ళే విమానంలో ఎడమపక్క కూర్చుంటే ముందు సారపాక మిల్లు పొగ కనిపిస్తుందట. ఆ వెంటనే గోదావరి, వంతెన, భద్రాచలం. నది వెంట చూపు ఇంకాస్త పోనిస్తే దుమ్ముగూడెం దారిలో భీమ్లా వాళ్ళ తండా. ఈ సంగతి ఎవరో చెప్పారు. మరో నలుగురిని అడిగి రూఢి చేసుకున్నాడు. విమానం ఎక్కడం అతనికి అదే మొదలు.

ఆ తండాలో ఆ పూటే అతని కూతురు భాను పెండ్లి.

రెండు రోజులు ఆగమని అడిగాడు. పోనీ, ఒక్కపూట పోయొస్తానన్నాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. విశాఖలో ఆ రోజే హాజరు కావాలి. ముహూర్తం పెట్టే పంతులుకూ, తేదీ వేసే పెద్దలకూ ఒకరితో ఒకరికి పరిచయం ఉండదు కదా.

“లారీ తోలినన్నాళ్ళు లోడు కింద ఏమున్నదో చూడకపోతివి. ఇయ్యాల విమానమెక్కి కింద చూస్తనంటున్నవ్,” అన్నాడు రవీందర్.

భీమ్లా తల దించుకున్నాడు. అన్నందుకు రవీందరే నొచ్చుకున్నాడు. కౌంటరు దగ్గర కాసేపు బతిమాలి ఎడమపక్కే సీట్లు సంపాదించాడు. చివరి వరుస.

అందరికంటే ముందు వాళ్ళనే ఎక్కించారు.

“మనం గంత పెద్దోళ్ళమా ఏంది సార్?”

“అవ్. మంత్రి వెనక, మనం ముందు.”

భీమ్లా కిటికీ పక్కన, రవీందర్ అతని పక్కన. ఇద్దరి మధ్యా రవీందర్ తువ్వాల పరిచాడు. ఏసీ తగ్గించమంటారా అని అడిగింది ఎయిర్‌హోస్టెస్. వద్దమ్మా అన్నాడు.

ఉప్మా డబ్బా వచ్చింది. రవీందరే మూత తీసి, చెంచాతో కలిపి, “నోరు తెరువ్” అన్నాడు.

“పెండ్లయ్యేదాక ఒక్కపొద్దు సార్. పిల్ల తండ్రిని.”

రవీందర్ చెంచా దించేశాడు. తనూ తినలేదు.

కిటికీ బయట మబ్బు తప్ప మరేమీ లేదు.

“ఆకాశంల పత్తి మంచిగ పండింది సార్. మా చేన్లనే పండలే. పండితే లారీ ఎందుకెక్కుతుంటి?”

ఎడమచేత్తో జేబులోంచి చిన్న మూట తీశాడు. పంటితో ముడి విప్పాడు. పసుపు అక్షింతలు. పోయినవారం చూడటానికి వచ్చినప్పుడు అతని భార్య మంగ్లి ఇచ్చింది. ‘యాడున్నా ఆ గడియకు ఎయ్యి. పిల్ల దిక్కు చూసి ఎయ్యి,’ అంది. ఇంకేమీ అడగలేదు.

మబ్బు తొలగేలా లేదు. భీమ్లా అద్దానికి నుదురానించి గొణుక్కుంటున్నాడు. దేవుడికి చెప్పుకుంటున్నాడో, దేవుణ్ణి తిడుతున్నాడో రవీందర్‌కు తెలియలేదు.

“అగో సార్! మిల్లు పొగ!”

మబ్బు చిరిగింది. ఆ చిరుగులో ఎర్రటి వరద గోదావరి. వంతెన దారప్పోగంత. దాని పైన అడవి. అడవి అంచున ఎక్కడో ఒక ఎర్రటి చుక్క. షామియానా కావచ్చు, మట్టిదిబ్బ కావచ్చు. భీమ్లా షామియానా అనే తీర్మానించుకున్నాడు.

ఎడమచెయ్యి అక్షింతలతో లేపబోయి ఆగాడు.

“ఈ చేత్తో ఏస్తే పిల్లకు అరిష్టం సార్.”

రవీందర్ అటూ ఇటూ చూశాడు. ముందు వరుసవాళ్ళు నిద్రపోతున్నారు.

“జల్దీ,” అన్నాడు.

భీమ్లా అక్షింతలను కుడి గుప్పిట్లోకి మార్చుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ఆ చుక్క పోతుంది.

కుడిచెయ్యి పైకి లేచింది, తువ్వాల జారిపోయింది, అదే బేడీలో ఉన్న కానిస్టేబుల్ రవీందర్ ఎడమచెయ్యి కూడా దాంతోపాటే భానును దీవించడానికి లేచింది.