పాకం ముదిరింది

లోపల ఎమ్మారై మిషను డబడబలాడుతోంది. బయట బెంచీ మీద వేణుగోపాల్ గుండె అంతకంటే గట్టిగా కొట్టుకుంటోంది.

కడపలో అతనిది మిఠాయి అంగడి. మిషన్లో పడుకున్న నెహెమ్యా చిన్నప్పటి నేస్తం, బండలు కోసే మనిషి. తాగి తాగి లివరు పాడుచేసుకున్నాడు. "మందు మీదికి మనసు పోయినప్పుడల్లా మైసూరుపాక్ నోట్లో వేసుకోప్పా" అని వేణుగోపాల్ ఏడాది కింద మాట తీసుకున్నాడు. ఆనాటి నుంచీ పొద్దు వాలితే చాలు, నెహెమ్యా అంగడి ముందు ప్రత్యక్షం. పొట్లం ఉచితం. అక్కడ మాత్రం ముట్టడు. "ప్రార్థన చేసుకోకుండా నోట్లో పెట్టనన్నా" అని చంకన పెట్టుకుని పోతాడు.

అంతా తీపిగానే సాగింది, లివరు చూపించడానికి వచ్చిన ఈ కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు నోరు విప్పేదాకా.

"లివరు చెడినవాళ్లకు వెనకాలే షుగరొచ్చే ప్రమాదముంది. క్లోమంలో కొవ్వు పేరుకుందేమో స్కాన్‌లో చూస్తే ముందే కొంత పసిగట్టొచ్చు" అన్నాడాయన.

అప్పటి నుంచి వేణుగోపాల్‌కు మింగుడుపడలేదు. కాఫీలో చక్కెర కూడా నేరంలా కనిపించింది. మందు మానిపించబోయి మనిషిని మందుల పాలు చేశానా? నెహెమ్యా భార్య విశ్వాసమ్మ తన మీద పెట్టుకున్న విశ్వాసం ఏం కాను?

నెహెమ్యా బయటికి రాగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేను నీకు పోసింది పాకం గాదప్పా, పాపం!"

"నీ తప్పేముండాది? ఊరుకో అన్నా" అన్నాడు నెహెమ్యా, తలెత్తకుండా.

సాయంత్రం డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు.

"క్లోమం శుభ్రంగా ఉంది. షుగరు భయం ఇప్పట్లో కనిపించడం లేదు."

వేణుగోపాల్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"చూస్తివా! ఏడాదంతా నెయ్యి కారే మైసూరుపాక్ తిన్యా క్లోమం క్షేమం!"

"లివరు మాత్రం పోయినేడాది కంటే బాగా చెడింది. తాగుడు మానేశాడన్నారే?"

"మానేసినాడు సార్! పూచీ నాది!" వేణుగోపాల్ రొమ్ము చరుచుకున్నాడు. "చెప్పప్పా, నోరు తెరిచి చెప్పు!"

నెహెమ్యా అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నేను ఒక్క ముక్కా తినలేదన్నా, నీ పొట్లం తీసుకోని బ్రాందీ షాపాయన దినామూ క్వార్టరు ఇస్తాండాడు, వాళ్ల పిల్లోళ్లకు నీ మైసూరుపాకంటే శానా ఇష్టం."