పిల్లికి నచ్చిన మన్ను

"సంచి బాగా తెరిచి పట్టుకో వినీలా! దీన్ని కౌల్ బజార్ చేపలంగళ్ళ కాడ వదిలేసొస్తా."

అత్త దీనమ్మ చేతుల్లో పిల్లి గింజుకుంటాంటే వినీలకు ఏడుపొక్కటే తక్కువ. "ఇంకొక్క దినం చూడత్తా! దానికోసం టబ్బులో ఇసుక పోసినా గదా!"

"పోసి వారమాయ. అది ఆ పక్కకన్నా తిరిగి చూసిందా? నిన్న టైటస్ బూట్లలో ఉచ్చ పోసె, ఈ పొద్దు వాడు కాళ్ళు తుడుచుకునే పట్ట మీద పోసె. నా కొడుకంటే దానికేం పగ?"

అంతలోనే ఆ కొడుకు ఇనుప మన్ను తవ్వే మైన్స్ నుంచి వచ్చి, బూట్లతోనే దడదడా వంటింటి దాకా పోయినాడు. వెనకాల గచ్చంతా ఎర్రెర్రటి అడుగులు! పిల్లి దీనమ్మ చేతుల్లోంచి ఒక్క దూకు దూకి, ఆ ఎర్రమన్ను గీరి కూర్చోబోయింది.

"అత్తా, పగ కాదు!" వినీల ఎగిరి గంతేసింది. "చైనాకు పోయే మన్నే దీనికీ కావాలంట!"

దీనమ్మ పిల్లిని గబుక్కున ఎత్తుకుంది. గడప నుంచి వంటింటి దాకా ఆ అడుగుల్ని ఒక్కొక్కటే చూసింది.

"అంటే నా కొడుకు ముందే గలీజు చేసిన తావులోనేనా ఇది చేసేది?"

"అమ్మా, కాఫీ!"

"ముందు ఈడికి రా! ఆ బూట్లు ఈ టబ్బులో దులుపు."

టైటస్ రెండో బూటు దులపకముందే పిల్లి టబ్బులోకి దిగి, కండ్లు మూసుకొని దర్జాగా కూర్చుంది.

దీనమ్మ వినీల చేతిలోని సంచి లాక్కొని గడప ముందర పరిచింది.

"పిల్లి నేర్చుకునె. ఇంక నువ్వు నేర్చుకో నాయనా."