వెండి పొన్ను దండం

అన్యాయం జరిగింది ఎవరికి? కసిమీరోకు. చేసిందెవరు? సొంత మేనత్త కొడుకు మెల్చోర్. ఎలా? నోటిమాటతో. ఏడేళ్ల కిందట, కొత్త సంవత్సరం రోజున, సల్కామార్కా ఊరి పెద్దల సభలో మెల్చోర్ లేచి కసిమీరో గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ నాలుగు మాటలతో కసిమీరో బతుకు తలకిందులైంది.

మళ్లీ కొత్త సంవత్సరం వచ్చింది. ఈ ఏడు ఊరిపెద్ద దండం ఎవరి చేతికి వెళ్లాలో తేలే రోజు.

కసిమీరో తన గుడిసె ముందు నిలబడి కొండవాలు వైపు చూస్తున్నాడు. అక్కడ మెల్చోర్ ఇల్లు. నీలిరంగు తలుపులు. దొడ్డి నిండా లామాలు, వాటి చెవులకు ఎర్ర ఊలు కుచ్చులు. పొద్దుటి ఎండ ముందుగా ఏ గడప తాకుతుందో, వానకు పైకప్పు ఏ మూల కారుతుందో కూడా కసిమీరోకు తెలుసు. ఏడేళ్లుగా అతని చూపు ఆ ఇంటిని వదలలేదు.

“చాల్లేవయ్యా! నీ కడుపుమంట మీద ఆలుగడ్డలు కాల్చుకోవచ్చు,” అంది భార్య తొమాసా. “సభలో మీ బావ మీద నోరు పారేసుకోకు.”

“ఒక్క చెడ్డమాట అనను. ఒట్టు.”

చర్చి మెట్ల దగ్గర, శిలువ ముందు, పెద్దలు తలా ఒక మొక్కజొన్న గింజ పట్టుకుని కూర్చున్నారు. ఎవరి టోపీలో గింజలు ఎక్కువ పడితే వాళ్లదే దండం. శిలువ ఎదుట పడిన గింజను కాదనడం ఆ ఊళ్లో చెల్లదు.

కొత్త పోంచో వేసుకుని మెల్చోర్ వచ్చాడు.

“ఏరా కసిమీరో, నీ పోంచోలో అతుకు వేయడానికి ఇంకా చోటుందా?”

అందరూ నవ్వారు. కసిమీరో కూడా నవ్వాడు.

“చెప్పేదుంటే చెప్పండి, నాయనలారా,” అన్నాడు ముసలి యుపాంకి.

కసిమీరో లేచాడు.

“నేను చెప్తా తాతా. మా మెల్చోర్ బావ లాంటి మనిషి మనకు దొరకడు. పెద్ద చెయ్యి, పెద్ద మనసు. ఇన్నాళ్లూ ఆయనకు దండం ఇవ్వకపోవడం మన తప్పే.”

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ల కళ్లు మెరిశాయి.

“ఎంత విశాల హృదయం!” అన్నాడు ఊరి చర్చికి కొత్తగా వచ్చిన గురువు.

మెల్చోర్ ఉలిక్కిపడి లేచాడు. “అయ్యో, నాకెందుకు తాతా! నేనేపాటి వాణ్ణి?”

“చూశారా, ఎంత అణకువో!” అన్నాడు కసిమీరో.

గింజలు ఒకటొకటిగా మెల్చోర్ టోపీలో పడ్డాయి. వెండి పొన్ను దండాన్ని కసిమీరోయే తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

“పట్టుకో బావా. ఏడేళ్ల నాటి బాకీ. ఏమీ మిగల్చకుండా తీర్చేశాను.”

మెల్చోర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలనుకున్నాడు గురువు.

ఏడేళ్ల కిందట మెల్చోర్ కూడా సరిగ్గా ఇలాగే పొగిడి ఆ దండాన్ని కసిమీరోకు అంటగట్టాడు; ఏడాది పొడవునా ప్రతి పండుగకూ ఊరందరికీ సొంత ఖర్చుతో విందు పెట్టాల్సిన ఆ పెద్దరికం ముగిసేసరికి, కసిమీరో లామాల మందా, నీలి తలుపుల ఇల్లూ కారుచౌకగా మెల్చోర్ చేతికి పోయాయి.