కెప్టెన్ గారి ఇంజెక్షన్

"బుక్రా," అన్నాడు కెప్టెన్ జాసిమ్. రేపు చూద్దామని. అనేసి, పైకి మడిచిన చొక్కా చేతిని మళ్లీ మణికట్టు దాకా లాక్కుని బొత్తాం పెట్టేసుకున్నాడు.

మాలతి గుండెల్లో రాయి పడింది. ఖతార్‌లోని ఈ మిలటరీ క్యాంప్ క్లినిక్‌లో ఆమె సివిలియన్ నర్సు. క్యాంప్‌లో అందరికీ ఫ్లూ ఇంజెక్షన్లు ఈ మధ్యాహ్నానికి పూర్తి కావాలి. పొద్దుటి నుంచి జవాన్లంతా వరసలో వచ్చి బుద్ధిగా వేయించుకుని పోయారు. మిగిలింది ఈయనొక్కడే. ఒక్కరు మిగిలినా పని కానట్టే లెక్క. ఆమె కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది కంపెనీ ఇంకా తేల్చలేదు. వద్దనడానికి ఈ ఒక్క సాకు చాలు.

"సర్, ప్లీజ్. ఒక్క నిమిషం పని," అంది ఇంగ్లిషులో, లేని నవ్వు అరువు తెచ్చుకుని.

"బుక్రా."

ఆరడుగుల మనిషి. గుబురు మీసం. చూపు మాత్రం ట్రేలోని సిరంజి మీంచి కదలడం లేదు. ఏసీ గదిలో నుదుటి నిండా చెమట!

సంగతేమిటో మాలతికి అర్థమైపోయింది. పక్కనున్న జైబా వైపు తిరిగింది. జైబాది బోధన్. వచ్చినవాళ్లు అరబ్బీలో చెప్పేది డాక్టర్లకూ నర్సులకూ విడమరచి చెప్పడం ఆమె డ్యూటీ.

"యే తో డర్..." అని మాలతి మొదలుపెట్టగానే జైబా గబుక్కున అడ్డుపడింది.

"హిందీల అనకక్కా! ఈళ్లకు హిందీ సమజైతది. తెలుగుల అను."

నిజమే. ఈ క్లినిక్‌లో తెలుగంటే వాళ్లిద్దరికీ తలుపు మూసుకున్న గది లాంటిది. డాక్టర్ల మీదా మేజర్ల మీదా ఎన్ని చాడీలు చెప్పుకున్నారో! ఇంతవరకు ఒక్కరికీ దొరకలేదు.

మాలతి నోటికి తాళం ఊడింది. "గింత మీసం పెంచిండు, సూదిని జూస్తే పాణం పోతాంది ఈనకు! తుపాకి ఎట్ల పడ్తడో ఏమో."

జైబా పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. కెప్టెన్ ముఖంలో ఏ మార్పూ లేదు.

"నవ్వకే. నాకు ఏడుపస్తాంది," అంది మాలతి. "గీ ఒక్క సూదికి నా కాంట్రాక్ట్ పోతే, మా ఆయన్ను ఈడి దుఖాన్ టౌన్‌ల ఒక్కన్నే ఇడిశిపెట్టి ఊరికి పోవాలె. పెండ్లయినంక ఇప్పుడిప్పుడే ఇద్దరం ఒక్క దేశంల ఉంటున్నం. ఈ పని గూడ నాకు మంచిగనిపిస్తాంది జైబా. ఈడ్నే ఉండాలనుంది."

జైబా కెప్టెన్ వైపు తిరిగి అరబ్బీలో గలగలా ఏదో చెప్పింది. ఆయన కాసేపు కిటికీలోంచి బయటకు చూశాడు. తర్వాత మెల్లగా బొత్తాం విప్పి, చొక్కా చేతిని జబ్బ దాకా మడిచాడు.

"ఏం జెప్పినవే?"

"బయట జవాన్లు సూస్తుండ్రు సర్, ఇజ్జత్ పోతది అన్న." జైబా గొప్పగా కళ్లెగరేసింది. "నేను చెప్తే ఇనకుంట ఎట్లుంటడు?"

పోయిన ప్రాణం లేచొచ్చింది మాలతికి. దూదితో జబ్బ తుడిచింది. "మూడు దాకా లెక్కపెడ్త అని జెప్పు. కని నేను రెండుకే గుచ్చుత. మూడు దాకా ఆగితే కండ బిగవడ్తడు."

జైబా చెప్పింది. కెప్టెన్ కళ్లు మూసుకుని పళ్లు బిగించాడు. ఆ బిగింపు చూసి మాలతి చివరి క్షణంలో మనసు మార్చుకుంది.

"వాహెద్..." అని అరబ్బీలో ఒకటి అంటూనే గుచ్చేసింది.

కెప్టెన్ ఉలిక్కిపడేసరికి సూది బయటికొచ్చేసింది కూడా.

"ఖలాస్ సర్!" మాలతి ఈసారి మనస్ఫూర్తిగా నవ్వింది. అరువు నవ్వు కాదు. సాయంత్రం దుఖాన్‌కు ఫోన్ చేసి ఈ మీసాల వీరుడి కథ చెప్పి భర్త నగేష్‌ను నవ్వించాలనుకుంది.

కెప్టెన్ టోపీ పెట్టుకుని తలుపు దాకా వెళ్లాడు. అక్కడ ఆగి, జబ్బ రుద్దుకుంటూ వెనక్కి తిరిగాడు.

"రెండుకు గుచ్చుతనని ఒకటికే గుచ్చితివి గదక్కా! సిన్నప్పుడు నన్ను సాకిన కోరుట్ల సాయవ్వ గూడ గిట్లనే మోసం జేసేది."