దుబాయ్ ఓకే

పొద్దున జీపులో వచ్చిన ఎస్సై వాకిట్లోనే నిలబడి, ఊళ్లోకి అడవిలోని అన్నలు వస్తే స్టేషనుకు కబురు చెయ్యాలన్నాడు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన ముత్యం చేతులు కట్టుకుని, "ఓకే సార్" అన్నాడు.

పొద్దుగూకే వేళకు అన్నలే వచ్చారు, భుజాన తుపాకులతో.

"పోలీసోళ్లు మల్ల వస్తే మాకు ఎరుక చెయ్యాలె."

"ఓకే అన్నా."

వాళ్లు మక్కచేను దాటిపోయారు. అరుగు మీద బీడీలు చుడుతున్న అంజవ్వ మొగుడి మీద విరుచుకుపడింది.

"ఇద్దరికీ ఒప్పుకుంటివి. ఎవ్వలకు మాట తప్పినా పానం పోతది. ఇప్పుడెట్ల?"

"నేనెక్కడ ఒప్పుకున్ననే? ఓకే అన్న, గంతే."

"ఓకే అంటే ఏంది మరి?"

ముత్యం మంచం మీద కాళ్లు చాపుకుని పంతులులా చెప్పసాగాడు.

"గది దుబాయ్ల పుట్టిన మాట. అరబ్బోనికి తెలుగు రాదు, మనకు అరబ్బీ రాదు. వాడు గంటసేపు మొత్తుకుంటడు, మనం ఓకే అంటం. యిన్న అన్నట్టు. చేస్త అని కాదు. వాని మనసు సల్లవడ్తది, మనం చేసేది మనం చేస్కుంటం."

అంజవ్వకు నవ్వాగలేదు. "గింత ఉపాయం నేర్సుకొచ్చినవా, మా తండ్రే" అంది.

ముత్యం మీసం దువ్వుకున్నాడు.

ఆమె నవ్వుతూనే ఇంకో ఆకు చుట్టి, దారం కట్టబోతూ ఆగింది.

"మొన్న నేను, ఇగ దుబాయ్ పోకు, ఈడనే ఉండుమంటే నువ్వేమన్నవ్?"

ముత్యం లేచి చెప్పులు వెతుక్కున్నాడు.