పరుగుంది, పట్టు లేదు

“మీ పరీక్ష తప్పని ఈ కాగితం మీద సంతకం పెట్టండి. లేదంటే రేపట్నుంచి రావద్దు!” డైరెక్టరు బల్ల గుద్దాడు.

“తల తీసి మొలేసినా పెట్టను సార్. దొరకు పిల్లలు పుట్టరు,” అంది డాక్టరమ్మ.

దొర అంటే మనిషి కాదు. ఆ సంరక్షణ కేంద్రంలో మిగిలిన ఒకే ఒక్క మగ అడవిపిల్లి. జాతి నిలబడాలంటే అదే దిక్కు. దాని వీర్యకణాలు దండిగా ఉన్నాయి, చురుగ్గానూ ఈదుతున్నాయి. కానీ అండాన్ని అంటిపెట్టుకోవడానికి మామూలు పిల్లుల కణాల మీద ఉండే ప్రోటీను వీటికి లేదు. పరుగుందిగానీ పట్టు లేదు. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చూసి మరీ తేల్చింది.

“మరి పొద్దున మన ఆడపిల్లి ఈనిందే! ఆ పిల్లలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? పెద్దయ్యాక అడవిలో వదలబోయేది వాటినేనమ్మా!”

“పరీక్ష తప్పు కాదు సార్.”

“పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలాగమ్మా?” గుమ్మంలో నిలబడ్డ కాపరి నవ్వాడు. “వచ్చి కళ్ళారా చూసుకోండి.”

పంతం కొద్దీ అతని వెంట వెళ్ళింది. గూటి కిటికీలోంచి తొంగి చూసింది. రెండు పిల్లలు తల్లిలాగే గోధుమరంగు చారలతో ఉన్నాయి. మూడోదానికి నాలుగు పాదాలూ తెల్లగా మెరుస్తున్నాయి.

“సాక్సులేసుకుని మరీ పుట్టింది నా బంగారుకొండ!” కాపరి మురిసిపోయాడు.

డాక్టరమ్మ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. ఈ జాతి అడవిపిల్లులకు తెల్ల పాదాలుండవు. ఆ పాదాలు తన ఇంటి మగపిల్లివి. పరీక్షల్లో పోల్చి చూడటానికి దాన్నే ల్యాబుకు తెచ్చుకునేది. బోనులో పెడితే బెంగపడి నమూనా పాడవుతుందని, పనయ్యేదాకా ల్యాబు పెరట్లో వదిలేసేది. రూల్సు ఒప్పుకోవని ఎవరికీ చెప్పలేదు. పెరటికీ ఆడపిల్లి గూటికీ మధ్యనున్న కంచె వైపు చూసింది. అడుగున పిల్లి దూరేంత మేర మట్టి గీరి ఉంది. సిగ్గుతో, భయంతో వెనక్కి తిరిగింది.

తిరిగి వచ్చేసరికి డైరెక్టరు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“చూశారుగా! ఇప్పుడేమంటారు?”

“పెన్ను ఇవ్వండి సార్,” అంది డాక్టరమ్మ. “పరీక్షే తప్పు.”