రెండు చలికాలాల కోటు

"మురికి పూసిన కొత్త గుడ్డలా ఉందిది," అంది హెడ్విగ్ మేడమ్.

వేర్లె తల దించుకుంది. రెండోసారి కూడా పోయింది.

నాటకాల దుస్తులు తయారుచెయ్యడం నేర్పే కాలేజీ అది. గెంట్ నగరం మొత్తానికీ పేరున్నది. వేర్లెది ఆఖరి సంవత్సరం. ఆఖరి పరీక్షలో అందరికీ ఒకే అంశం ఇచ్చారు. నాటకంలో ఒక పాత్ర రెండు చలికాలాలు వీధిలో పడుకున్న మనిషి. అతని కోటు కావాలి. గుడ్డ కత్తిరించి, కుట్టి, ఆ తర్వాత దాన్ని పాతబడేలా చెయ్యాలి. మూడు అవకాశాలు. మూడోదీ తప్పితే కాలేజీ నుంచి పేరు కొట్టేస్తారు.

వేర్లె చెయ్యనిది లేదు. మోచేతుల్ని జున్ను తురిమే పీటతో అరగదీసింది. టీ డికాక్షన్‌లో ముంచింది. కాలరుకి కొవ్వొత్తి మైనం రుద్దింది. జేబులు సాగాలని తడిపి, రాళ్ళు నింపి, మూడు రోజులు వేలాడదీసింది.

"మోచేతులు రెండూ ఒకేలా అరిగాయేంటి? మనిషి అటు కాసేపు, ఇటు కాసేపు గడియారం చూసుకుని పడుకుంటాడా?" మేడమ్ కోటుని బల్ల మీద పడేసింది. "వీధిలో పడుకునేవాళ్ళని నువ్వెప్పుడైనా సరిగ్గా చూశావా? ముందు కళ్ళు తెరిచి చూడు."

"చూస్తాను మేడమ్."

"శుక్రవారం పదింటికి జ్యూరీ వస్తుంది. నీకదే ఆఖరు. అన్నట్టు, మీ ఇంటికి కాలేజీ పంపిన ఉత్తరం తిరిగొచ్చింది."

"ఇల్లు మారాం మేడమ్. కొత్త అడ్రసు ఇస్తాను."

గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది వేర్లె.

"ఈ కాలేజీ పోతే నాకింకేమీ మిగలదు మేడమ్."

"ఆ మాట ఏటా పదిమంది అంటారు," అంది మేడమ్, కాగితాల్లోంచి తలెత్తకుండా.

కుట్టుగదిలో యోరిస్ ఉన్నాడు. ఆమె క్లాసువాడే. తన కోటుకి ఇరవైకి పద్నాలుగొచ్చాయి కాబట్టి కిటికీలో కూర్చుని తీరిగ్గా వేపుడు బంగాళాదుంపలు తింటున్నాడు.

"ఏడవకే తల్లీ. వీధిలో ఎవడి కోటో అడిగి తెచ్చి పెట్టెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"పోయినేడు ఒకడు అలాగే చేస్తే గెంటేశారుగా. లోపలి కుట్లు కూడా తిరగేసి చూస్తారు. మనం కుట్టిందే అయ్యుండాలి."

"అయితే కుట్టు. నీకేం! పొద్దున తలుపు తీసేసరికి గుమ్మంలో ఉంటావు. వాచ్‌మన్ తరిమితే గానీ కదలవు. తలస్నానం కూడా గుడ్డలకి రంగులేసే గదిలోనే. ఇక్కడే కాపురం పెట్టేశావని చెప్పుకుంటున్నారు అందరూ."

వేర్లె నవ్వబోయింది. మానేసి, కత్తెర తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళింది.

బుధవారం మిగిలిన ఉన్నిగుడ్డంతా పరిచి మూడో కోటు కత్తిరించడం మొదలుపెట్టింది. తొందరపడింది. వీపు ముక్క మధ్యలోకి కత్తెర దూసుకుపోయింది. ఇంకో వీపుకి సరిపడా గుడ్డ లేదు. కొట్టుకి పరిగెత్తింది. ఆ రకం వచ్చే వారం గానీ రాదన్నారు. గురువారమంతా ముక్కకి ముక్క అతుకుతూ కూర్చుంది. ఎలా అతికినా అతుకు పక్కకి లాగేస్తోంది. సాయంత్రానికి అన్నీ చెత్తబుట్టలో కుక్కి, మిషను పక్కన నేల మీద కూలబడింది. వాచ్‌మన్ వచ్చి లేపేదాకా లేవలేదు.

శుక్రవారం పదింటికి జ్యూరీ ముందు ఒక కోటు పరిచింది.

ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. నలభై ఏళ్ళుగా నాటకాలకి దుస్తులు చేస్తున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు.

"అరిగింది ఎడమ భుజం, ఎడమ తుంటి. సాగింది కుడి జేబు. గుండీలు ఊడిన చోట తాడు కట్టుకున్న ఒరిపిడి కూడా ఉంది!"

"వాసన కూడా తెప్పించింది చూడండి," అంది పక్కనున్నావిడ, ముక్కు దగ్గర వేలు పెట్టుకుని.

వేర్లె మొహం ఎర్రబడింది.

"ఇది నువ్వు కుట్టిందేనా?" అడిగాడాయన.

"నేనే సార్. మొదటి సంవత్సరం కుట్టాను. లోపల నా పేరు, మేడమ్ సంతకం ఉంటాయి."

హెడ్విగ్ మేడమ్ అస్తరు తిప్పి చూసింది. తన సంతకమే.

"పాతబడ్డానికి ఏం వాడావు?"

"వాన. మంచు. మట్టి. దీన్ని వేసుకుని నేల మీద దొర్లడం."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"చాలా రోజులు పట్టింది సార్."

"ఓపికంటే ఇదీ!" అన్నాడాయన మిగతావాళ్ళతో.

ఇరవైకి పంతొమ్మిది వేశారు. పన్నెండేళ్ళలో ఆ కాలేజీలో ఎవరికీ అంత రాలేదట. సాయంత్రం అందరి మార్కులూ చదివాక, కోటుని బొమ్మకి తొడిగి, హాల్లో గాజు బీరువాలో నిలబెట్టి తాళం వేశారు. యోరిస్ ఆమెని ఎత్తి గిర్రున తిప్పాడు.

అందరూ వెళ్ళిపోతున్నా వేర్లె గాజు ముందే నిలబడింది.

"మేడమ్, ఈ ఒక్క రోజుకీ దీన్ని తీసుకెళ్ళనా? రేపు పొద్దున్నే తెచ్చి ఇచ్చేస్తాను."

మేడమ్ నవ్వింది. ఆవిడ నవ్వడం వేర్లె ఎప్పుడూ చూడలేదు.

"అమ్మకి చూపించాలనా? అమ్మనే ఇక్కడికి తీసుకురా. ఇది ఇక కాలేజీ సొత్తు. జూన్ దాకా తాళం తియ్యరు." చేత్తో ఆమె చెంప నిమిరింది. "మొహం ఎలా పీక్కుపోయిందో చూడు. ఇంటికెళ్ళి వెచ్చగా పడుకో."

"అలాగే మేడమ్."

బయట మంచు పడుతోంది. వేర్లె స్వెటరు చేతుల్ని వేళ్ళ మీదికి లాక్కుని, రెండు చలికాలాలుగా ఆ కోటొక్కటే కప్పుకుని తాను పడుకుంటున్న స్టేషన్ వెనక వంతెన కిందికి నడిచింది.